గుంతకల్లు నుంచి కొత్తచెరువుకు మేం, తాడిపత్రికి మా డ్రమ్ములు

గుంతకల్లు నుంచి కొత్తచెరువు పోవడానికి ఎంతసేపు పడుతుందని ఈ మధ్య ఒక పాఠకుడు అడిగాడు. మామూలుగా అయితే నాలుగు గంటల పైచిలుకు. తెల్లవారుజామున ధర్మవరం పాసింజరు ఎక్కితే మూడు గంటలు, అక్కడ దిగి పుట్టపర్తి బస్సు పట్టుకుంటే ఇంకో గంట. నాకు మాత్రం పన్నెండు గంటలు పట్టింది. మధ్యలో తాడిపత్రి కూడా చూసి వచ్చాను, చూడాలని పోలేదు గానీ. ఇది 2003 ఫిబ్రవరి నాటి సంగతి. ఆ దారిలో పోవాలనుకునేవాళ్లకు కొంచెం పనికొస్తుందని, ఇన్నేళ్లకైనా నా తప్పు నేను ఒప్పుకున్నట్టు ఉంటుందని రాస్తున్నాను.

అప్పట్లో మాకు ఒక రాక్ బ్యాండు ఉండేది. పేరు అవుటర్ సిగ్నల్, స్టేషన్లోకి రాకముందు బండ్లను నిలబెట్టే సిగ్నలు. రైల్వే కాలనీలో పెరిగినవాళ్లకు అంతకంటే గొప్ప పేరు తోచలేదు. మా నాయన గూడ్స్ గార్డు. ఆ పేరు విని, "అవుటర్లో నిలబడినోళ్లని లోపలికి ఎవురు రానిస్తారప్పా?" అన్నాడు. ఆయన అన్నట్టే జరిగింది. గుంతకల్లులో ఒక పెళ్లిలో మూడు పాటలు వాయించాక పెళ్లికొడుకు మేనమామ వచ్చి, భోజనం ముందే పెట్టేస్తాం, తిని వెళ్లిపొమ్మన్నాడు. గుత్తిలో ఒక సభలో మా రెండో పాట మధ్యలో మైకువాడు వైర్లు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. ఉన్నది ముగ్గురమే. లోకో డ్రైవరు కొడుకు విక్టర్ గిటారు వాయిస్తూ పాడేవాడు. నేను బేస్ గిటారు. చలపతి డ్రమ్స్. ముగ్గురిలో నిజంగా చేతనైనవాడు చలపతి ఒక్కడే, అది మా ఇద్దరికీ తెలుసు.

చలపతిది ధర్మవరం. గుంతకల్లులో మేనత్త ఇంట్లో ఉండి చదువుకున్నాడు. వాళ్ల నాయన నారాయణప్ప పట్టుచీరలు నేస్తాడు. ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద ఆయన కూర్చుంటాడు, రెండోది చలపతి కోసం ఖాళీగా ఉంది. నేతగాళ్ల ఇళ్లలో గడువులు నెలల్లో చెప్పుకోరు, పడుగుల్లో చెప్పుకుంటారు. మగ్గం మీద ఉన్న నిలువు పోగులు అయిపోవస్తే, వాటి కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతికేవాళ్లు ఇంటికి వస్తారు. వాళ్లు వచ్చిన రోజున ఆ ఇంట్లో లెక్కలన్నీ మళ్లీ మొదలవుతాయి. "ఈ పడుగు అయ్యేలోపల నువ్వు చేసేదేందో నాకు ఒక్కతూరి చూపించు. నాకు నచ్చకపోతే కొత్త పడుగు రెండు మగ్గాలకీ ఏయిస్తా, నువ్వు కూర్చోవాల" అని నారాయణప్ప తేల్చి చెప్పాడు. ఆ పడుగు అయిపోయే రోజుకు సరిగ్గా ఒక్కరోజు ముందు మాకు కొత్తచెరువులో ఒక జూనియర్ కాలేజీ వార్షికోత్సవంలో వాయించే అవకాశం వచ్చింది. సాయంత్రం నాలుగింటికి కార్యక్రమం. నారాయణప్ప పని మానుకొని వస్తానన్నాడు. మర్నాడు తెల్లవారుతూనే పడుగు అతికేవాళ్లు వస్తారు. అంటే చలపతికి ఉన్నది ఆ ఒక్క సాయంత్రమే.

ధర్మవరం పాసింజరు ఉదయం అయిదూ యాభైకి. అప్పట్లో టిక్కెట్టు ఇరవై రూపాయల లోపే. మేం అయిదున్నరకు స్టేషన్లో ఉన్నాం. విక్టరూ చలపతీ టిక్కెట్లకు పోయారు, డ్రమ్ములు ఎక్కించే పని నాది. బరువు సామాను వ్యానులో వేయాలంటే లగేజీ ఆఫీసులో తూకం వేయించి, రసీదు తీసుకొని, చీటీ అంటించాలి. కానీ గార్డు కొడుకు రసీదు తీసుకోవడమా? మా నాయన పేరు చెబితే ఏ గార్డయినా చిరునవ్వు నవ్వి సరే అనేవాడు. రసీదూ తీసుకోలేదు, బండి మీద బోర్డూ చదవలేదు. గుంతకల్లులో పెరిగినవాడికి బోర్డు చదవడం నామోషీ. ఆ పొడుగాటి ప్లాట్‌ఫాం మీద తెల్లవారుజామున రెండు పాసింజర్లు ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. ముందుది తాడిపత్రి వైపు పోయేది, వెనకది మాది. పదేళ్లుగా చూస్తున్నాను. ఆ రోజు తాడిపత్రి బండి ఆలస్యంగా లోపలికి వచ్చి వెనక నిలబడిందని, మాది ముందుకు జరిగిందని నాకు తెలియదు. ముందు బండి చివరి వ్యాను, వెనక బండి మొదటి వ్యాను పక్కపక్కనే ఉన్నాయి. వాటి మధ్య రెండు గజాల సందు. దీపాలు సరిగా వెలగని ఆ చీకట్లో నాకు ఆ సందు కనిపించలేదు. తలుపు తెరిచి ఉన్న వెనక వ్యానులో డ్రమ్ములు పేర్చి, ముందు పెట్టె కిటికీలోంచి చలపతి కేకేస్తే పరుగెత్తి ఎక్కాను. అంతా ఒకే బండి అనుకున్నాను.

దారిలో చలపతి ఏమీ తినలేదు. విక్టర్ వాళ్లమ్మ కట్టిచ్చిన చిత్రాన్నం మేమిద్దరమే తిన్నాం. వాడు తొడల మీద వేళ్లతో తాళం వేసుకుంటూ కూర్చున్నాడు. అనంతపురం దాటాక, "మా నాయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడంట" అన్నాడు. ఎందుకో ఆ మాటకు మేం నవ్వలేకపోయాం. ధర్మవరంలో దిగేసరికి తొమ్మిదయింది. వెనక్కి నడిచి వ్యాను దగ్గరికి పోతే లోపల మూడు తమలపాకుల బుట్టలు, ఒక సైకిలు ఉన్నాయి.

"డ్రమ్ములు యాడన్నా?" అని గార్డును అడిగాను.

"ఏం డ్రమ్ములప్పా?" అన్నాడు ఆయన. "నా వ్యానులో ఎక్కించినవన్నీ నీ కండ్ల ముందరే ఉండాయి."

నాకు అప్పుడు ఆ రెండు వ్యాన్లు గుర్తొచ్చాయి.  జరిగింది వాళ్లిద్దరికీ చెప్పాను. చెప్పాక విక్టర్ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. చలపతి మాత్రం తిట్టలేదు. ఆ వ్యానులోకి తల పెట్టి ఇంకోసారి చూశాడు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

స్టేషను మాస్టరు గదిలోకి పోయి మా నాయన పేరు చెప్పి బతిమాలితే ఆయన రైల్వే ఫోను తిప్పాడు. పావుగంట తర్వాత కబురు తెలిసింది. చీటీ లేని సామాను తన వ్యానులో ఉందని ఆ గార్డు తాడిపత్రిలో దించేశాడట. పార్సిలు గదిలో పెట్టి తాళం వేశారు. "రసీదు చూపిచ్చి తీసుకోండి" అన్నాడు మాస్టరు. రసీదు లేదని ఆయనకు చెప్పలేదు. నేను ఒక్కణ్ణే తాడిపత్రి పోవాలని, వాళ్లిద్దరూ నారాయణప్పను తీసుకొని కొత్తచెరువు పోవాలని అనుకున్నాం. బస్టాండులో నారాయణప్ప మాకోసం నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా, చేతిలో గుడ్డసంచి. మా ముగ్గురినీ పైనుంచి కిందికి చూశాడు.

"డోళ్లు యాడ?"

"వెనక బండిలో వస్తాండాయి మామా" అన్నాడు విక్టర్. "బరువు సామాను అట్లే పంపిస్తారు. వీడు పోయి తెస్తాడు."

నారాయణప్ప నా వైపు చూశాడు. నేను తల ఊపాను. "నేను ఆరుంబావు బస్సుకు తిరుక్కోవాల. రాత్రి అన్నం యాలకు ఇంట్లో ఉంటే గానీ రేపటికి పోగులు సరిజూసుకొనేదానికి గాదు" అన్నాడు ఆయన. అప్పటికి తొమ్మిదీ నలభై అయిదు. నా చేతిలో ఎనిమిదిన్నర గంటలు ఉన్నాయి.

ధర్మవరం నుంచి తాడిపత్రికి బత్తలపల్లి, నార్పల మీదుగా దారి ఉంది గానీ, ఆ పూట నేరుగా పోయే బస్సు మధ్యాహ్నం దాకా లేదన్నారు. అందుకని చుట్టుదారి అయినా అనంతపురం పోయాను. గంట ప్రయాణం, పదిహేను రూపాయల లోపు. అక్కడ పదకొండుంబావుకు తాడిపత్రి బస్సు దొరికింది. దారి పొడుగునా చేలు బోడిగా ఉన్నాయి. శెనక్కాయ వేసి, వానలు లేక, కొందరు ఎండిన మొక్కలు కూడా పీకకుండా వదిలేశారు. అడ్డరోడ్ల దగ్గరల్లా ఆడవాళ్లు వరసగా బిందెలు పెట్టుకొని ట్యాంకరు కోసం కాచుకొని ఉన్నారు. మామూలు రోజున నేను ఇవన్నీ చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆ రోజు డ్రైవరు వీపునే చూస్తూ కూర్చున్నాను. ఊరూరా ఆపుతున్నాడు. ఒకచోట ఎవరో మేకపిల్లను ఎక్కిస్తుంటే దానికి టిక్కెట్టు కొట్టాలా వద్దా అని కండక్టరు అయిదు నిమిషాలు వాదించాడు. టిక్కెట్టు నేను ఇస్తాను, పోనీయన్నా అన్నాను. బస్సంతా నన్ను చూసి నవ్వింది.

తాడిపత్రి చేరేసరికి ఒకటీ పది. స్టేషనుకు పరుగెత్తాను. పార్సిలు గదికి తాళం. క్లర్కు భోజనానికి పోయాడు, ఎప్పుడొస్తాడో తెలియదన్నారు. బయట బండి మీద ఒకామె ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అమ్ముతోంది. నాకు ఆకలి లేదు గానీ ఆమె బండి దగ్గరినుంచి ఆ తలుపు కనిపిస్తుందని అక్కడే నిలబడ్డాను. "తినేదుంటే తిను, లేకుంటే నీడ ఇడువు. ఎంత సేపు ఆ తాళాన్ని చూస్తావు? అది నిన్ను చూసి తెరుచుకుంటాదా?" అంది. సిగ్గుపడి తిన్నాను. తాడిపత్రి పోయేవాళ్లు స్టేషను బయట ఉగ్గాని తప్పక తినండి, బొరుగులు, అదే మరమరాలు, సరిగ్గా నానబెట్టి, వేయించిన పప్పులపొడి దండిగా చల్లి ఇస్తారు. అయిదు రూపాయలకు కడుపు నిండింది. రుచి నాకు మర్నాడు గుర్తొచ్చింది.

క్లర్కు ఒకటీ నలభైకి వచ్చాడు. తీరిగ్గా తాళం తీశాడు. మూలన మా డ్రమ్ములు కనిపించగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మాత్రం తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"రసీదు?"

"లేదు సార్. గుంతకల్లులో ఎక్కించినా."

"లేదా? అయితే నీవి అని యాడుంది?" పెద్ద డ్రమ్మును చేత్తో చూపించాడు. "దాని మీద ఏం రాసినారో చూడు. బళ్లారి ఆర్కెస్ట్రా. కన్నడ అచ్చరాలు. నువ్వు చూస్తే గుంతకల్లు అంటావు."

తప్పు ఆయనది కాదు. బళ్లారిలో ఒక ఆర్కెస్ట్రా మూతపడితే ఆ సెట్టును మేం సెకండ్‌హ్యాండులో కొన్నాం. మీద ఉన్న పేరు చెరపడానికి రెండేళ్లుగా రంగు కొనలేదు. నేను ఎంత చెప్పినా ఆయన కదల్లేదు. వాయించి చూపించమన్నాడు. వాయించాను. నా వాయింపు విని, "నీవి కావనేదానికి ఇదే సాక్ష్యం" అన్నాడు. గోడ గడియారంలో ఒకటీ యాభై అయిదు.  అప్పుడు నాకు కోటు గుర్తొచ్చింది. పెద్ద డ్రమ్ము మోత ఎక్కువగా గుమ్మని మోగకుండా లోపల పాతగుడ్డలు కుక్కుతారు. మేం మా నాయన పాత యూనిఫారం కోటు కుక్కాం.

"లోపల నల్ల కోటు ఉంటాది సార్. గార్డు కోటు. ఎడమ జేబులో ఊడిపోయిన ఇత్తడి బొత్తాం ఒకటి ఉంటాది" అన్నాను.

ఆయన డ్రమ్ము ముందున్న రంధ్రంలోకి చెయ్యి పెట్టి లాగాడు. ముందు ఒక చెయ్యి బయటికి వచ్చింది, తర్వాత కోటంతా. జేబులోంచి బొత్తాం తీసి అరచేతిలో పెట్టుకొని చూశాడు. ఆయన నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. ఆయన ముఖం ఎర్రబడింది.

"గార్డు కొడుకువా నువ్వు? గార్డు కొడుకువయ్యుండి రసీదు లేకుండా సామాను ఏసినావా? మీ నాయనకు చెప్తే చెప్పుతో కొడతాడు. తీసుకుపో. నిలబడొద్దు, పో."

బయటికి మోసుకొచ్చాక అసలు కష్టం మొదలైంది. బస్సువాళ్లు ఎవరూ డ్రమ్ములు ఎక్కించుకోలేదు. పైన వేస్తే పడతాయన్నారు, లోపల వేస్తే మనుషులు యాడ కూర్చుంటారన్నారు. తాడిపత్రి రాయి ఊరు. పాలిషు బండలు ఎక్కించిన లారీలు రోజంతా పోతుంటాయి. ఒక మెకానిక్కును అడిగితే, పుట్టపర్తిలో కట్టే ఇళ్లకు బండలు తీసుకుపోయే లారీ ఒకటి బయల్దేరబోతోందని చూపించాడు. అది కొత్తచెరువు మీదుగానే పోతుంది. డ్రైవరు మస్తాన్, యాభై ఏళ్ల మనిషి. యాభై రూపాయలిస్తానన్నాను. ఆయన డ్రమ్ములను, నన్ను, బండలను మార్చి మార్చి చూశాడు.

"ఎక్కు. కానీ నన్ను తొందర చెయ్యొద్దు. బండ పగిలితే సేటు నా తల పగలగొడతాడు. నా స్పీడు నాది."

ఆయన స్పీడు ముప్పై. రెండుంబావుకు కదిలాం. డ్రమ్ములు బండల మీద గడ్డి పరుచుకొని కూర్చున్నాయి, నేను క్యాబిన్లో నా వాచీ చూసుకుంటూ కూర్చున్నాను. నాలుగింటికి చేరలేనని తెలుసు. ఆరుంబావుకైనా చేరతానా అన్నదే ప్రశ్న. చలపతి గురించి చెప్పాను. మస్తాన్ బీడీ ముట్టించి, "మా వాడు కంప్యూటర్ అంటాడు. నాకు అదీ తెలీదు. నీకు ముప్పై అయిదు చేస్తా, అంతకుమించి అడగొద్దు" అన్నాడు.

నార్పల ఇంకా రాకముందే ఒక ఊరి మొదట్లో లారీ ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా ఖాళీ బిందెలు వరసగా పెట్టి, వాటి వెనక నలభై మంది ఆడవాళ్లు కూర్చున్నారు. ఆరు రోజులుగా ట్యాంకరు రాలేదట. ఎమ్మార్వో జీపు పక్కన పంచాయతీ ఆఫీసు దగ్గర నిలబడి ఉంది గానీ ఆయన బయటికి రావడం లేదు. మాకు ముందు రెండు బస్సులు, ఒక ట్రాక్టరు నిలిచిపోయి ఉన్నాయి. నేను దిగి పోయి దణ్ణం పెట్టాను. మా స్నేహితుడి బతుకు ఇది అని చెప్పాను.

ముందు కూర్చున్న పెద్దామె, "మాది బతుకు కాదా నాయనా? ఆయప్ప బయటికి వచ్చేదాకా చీమ కూడా పోదు" అంది.  ఆమె చెప్పినదాంట్లో తప్పు లేదు. అప్పుడు ఆమె చూపు లారీ మీద పడింది. "ఏందది, డోళ్లా? దించు. ఆయప్ప చెవులు యాడ పెట్టుకున్నాడో చూస్తాం. కొట్టు."

నాకు వాయించడం రాదని చెప్పాను. "మాకు పాట వద్దులే, చప్పుడు కావాల" అంది. పెద్ద డ్రమ్మును, పక్క డ్రమ్మును దించి రోడ్డు మీద పెట్టి, బిందె మీద కూర్చొని కొట్టడం మొదలుపెట్టాను. చలపతి కాలి మడమతో మెత్తగా తొక్కే పెడలును నేను కోపమంతా పెట్టి తొక్కాను. ఎవరి మీద కోపం అంటే నా మీదే. ఆడవాళ్లు చప్పట్లు కలిపారు. పదిహేను నిమిషాలకు ఎమ్మార్వో చెమట తుడుచుకుంటూ వచ్చాడు. నీళ్ల కోసం వచ్చాడో ఆ మోత ఆపించడానికి వచ్చాడో చెప్పలేను. సాయంత్రానికి రెండు ట్యాంకర్లు పంపిస్తానని అందరి ముందూ రాసిచ్చాడు. బిందెలు పక్కకు తీశారు. నేను లేస్తూ చివరిసారి తొక్కినప్పుడు కాలికింద ఏదో తెగింది. పెడలును సుత్తికి కలిపే పట్టీ అది. రెండు ముక్కలైంది. డ్రమ్ములు తీసుకుపోతున్నాను, వాటి ప్రాణం దారిలో తీశాను. ఆ రోజుకు అది నా రెండో తప్పు.

ఆ తర్వాత దారి గురించి నాకు పెద్దగా గుర్తు లేదు. బత్తలపల్లి దాటాం, ధర్మవరం అయిదింటికి దాటాం. నారాయణప్ప ఇల్లు ఆ సందుల్లో ఎక్కడో ఉంటుంది, లోపల ఖాళీ మగ్గం ఉంటుంది అని మాత్రం అనుకున్నాను. మస్తాన్ నిజంగానే ముప్పై అయిదు చేశాడు, చివర్లో నలభై కూడా తగిలించాడు. కొత్తచెరువు అడ్డరోడ్డు చేరేసరికి అయిదూ యాభై ఎనిమిది. అక్కడ, బస్సు ఆగేచోట, తెల్ల చొక్కాతో నారాయణప్ప నిలబడి ఉన్నాడు. ధర్మవరం పోయే వైపు.

నేను దూకి ఆయన దగ్గరికి పోయాను. "అయిపోయిందా మామా?"

"యాడ? ఇంకా మొదలే కాలేదు. ఆ కాలేజీ ఓనరు రెండు గంటల నుంచి మాట్లాడతానే ఉండాడు. నీళ్లు తెస్తానంటాడు, కాలవలు తెస్తానంటాడు. అందరూ నిద్రపోతాండారు" అన్నాడు. తర్వాత తెలిసింది, అది విక్టర్ పని అని. భూములు, బస్సులు, రాజకీయం మూడూ ఉన్న ఆ కాలేజీ కరస్పాండెంటుకు వాడు ఒక చీటీ పంపించాడట: "సార్, ప్రజలు నీళ్ల గురించి మీ నోట వినాలని కోరుతున్నారు." జీవితంలో మొదటిసారి ఎవరో ఇంకా మాట్లాడమని అడిగేసరికి ఆయన ఆగలేదు. కానీ నారాయణప్ప ఇక ఆగలేక వచ్చేశాడు. లారీ వైపు చూసి, "డోళ్లు రైల్లో వస్తాయంటిరే?" అన్నాడు.

అప్పుడు అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు. సందు చూడకుండా వేరే బండిలో వేసిన సంగతి, రసీదు తీసుకోని సంగతి, దారిలో పట్టీ తెగ్గొట్టిన సంగతి అన్నీ చెప్పేశాను. ఇందులో చలపతి తప్పు ఒక్కటీ లేదు, ఉన్న తప్పులన్నీ నావే అన్నాను. చెబుతుంటే ఏడుపు వచ్చింది. ఆరుంబావు బస్సు రోడ్డు మలుపులో కనిపించింది. ఆయన బస్సును చూశాడు. తర్వాత నా చేతిలో ఉన్న తెగిన పెడలును తీసుకొని, తిప్పి చూశాడు.

"ఇది కాలితో తొక్కేదా?"

"అవును మామా. కింద తొక్కితే పైన సుత్తి కొడతాది."

"వాడు ఎప్పుడూ చెప్పలేదే" అన్నాడు. మగ్గం గుంతలో కూర్చొని నలభై ఏళ్లుగా తొక్కుడు కట్టెలు తొక్కిన కాళ్లు ఆయనవి. బస్సు వచ్చి ఆగింది, ఎవరూ ఎక్కకపోతే పోయింది. ఆయన గుడ్డసంచిలోంచి రంగు సరిచూసుకోవడానికి తెచ్చిన మెరూన్ పట్టుపోగుల కట్ట తీశాడు. ముప్పై పోగులు కలిపి తొడ మీద పెట్టి పురిపెట్టాడు. తెగిన పట్టీ రెండు కొసలనూ కలిపి ముడి వేశాడు. ఎన్నిసార్లు చూసినా ఆ ముడి ఎలా పడిందో నాకు అర్థం కాలేదు. లాగి చూశాడు. "నువ్వెంత తొక్కినా ఇది తెగదు, పద" అని పెద్ద డ్రమ్మును భుజాన వేసుకొని ముందు నడిచాడు.

వేదిక దగ్గర కరస్పాండెంటు అప్పుడే ముగించాడు, నిద్రలేచిన పిల్లలు చప్పట్లు కొట్టారు. చలపతి మమ్మల్ని చూశాడు. డ్రమ్ము మోస్తున్న వాళ్ల నాయనను చూశాడు.  పది నిమిషాల్లో సెట్టు బిగించాం. మొదటి పాట ఎత్తుకున్నాం. వెనకనుంచి సినిమా పాట కావాలని కేకలు. విక్టర్ రెండో చరణంలో ఉండగా కరెంటు పోయింది. ఆ వేళకు ఊళ్లో కరెంటు తీసి పొలాల పంపులకు ఇచ్చే వంతు అట, మాకు ఎవరూ చెప్పలేదు. గిటారు నోరు మూసుకుంది, నా బేస్ నోరు మూసుకుంది, విక్టర్ గొంతు మూడో వరస దాటడం లేదు. ఇక అయిపోయిందనుకున్నాను. పన్నెండు గంటలు తిరిగి తెచ్చింది ఇందుకా అని నిజంగా ఏడుపొచ్చింది.

చలపతి ఆపలేదు. డ్రమ్ములకు కరెంటు అక్కర్లేదు కదా. వాడు తల ఎత్తకుండా వాయించుకుంటూ పోయాడు. మొదట్లో కేకలు వేసినవాళ్లు కేకలు మానారు. పది నిమిషాలు వాయించాడు, ఇంకా ఎక్కువేనేమో. పొద్దు గూకింది, ముఖాలు సరిగా కనిపించడం లేదు. నారాయణప్ప వేదిక పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన కొడుకు చేతులను చూడటం లేదు. వంగి, కాలిని చూస్తున్నాడు. వాడు ఆపగానే పిల్లలు బెంచీలెక్కి ఈలలు వేశారు. మా బ్యాండుకు ఎవరైనా ఈల వేయడం అదే మొదలు.

చలపతి దిగి వచ్చి వాళ్ల నాయన ముందు నిలబడ్డాడు. నేనూ విక్టరూ వైర్లు చుడుతున్నట్టు నటిస్తూ చెవులు అటే పెట్టాం.

"పాట నాకు అర్థం కాలే" అన్నాడు నారాయణప్ప. "కాలు మాత్రం ఒక్కతూరి కూడా తప్పలే. నిన్ను గుంతలో కూర్చోపెట్టి నేర్పిస్తే ఆర్నెల్లకు గూడా రాని అడుగు అది." గుడ్డసంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకొని, "రేపు అతికేవాళ్లు వస్తారు గదా. రెండోదానికి ఈ తూరి పడుగు ఎయ్యొద్దంటాలే. ముందు అన్నం తిను" అన్నాడు.

 చలపతి వాళ్ల నాయన చేతిలోంచి గుడ్డసంచి తీసుకొని తన భుజానికి తగిలించుకున్నాడు. మస్తాన్ అప్పటికీ లారీ ఆపుకొని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "మీవాడు బాగానే కొట్నాడే" అని ఒక్క మాట అని పుట్టపర్తి వైపు పోయాడు. యాభై రూపాయలు తీసుకోవడం మరిచిపోయాడు, నేనూ మరిచిపోయాను.

ఆ "ఈ తూరి" అన్న మాట ఇంకో తూరి, మరో తూరి అవుతూ వచ్చింది. అవుటర్ సిగ్నల్ ఆ తర్వాత రెండేళ్లకే ఆగిపోయింది, దానికి పెద్ద కారణం కూడా లేదు. విక్టర్ పెళ్లి చేసుకున్నాడు, నాకు ఉద్యోగం వచ్చింది. చలపతి మాత్రం బళ్లారిలోనూ బెంగళూరులోనూ ఎవరెవరి బృందాలకో వాయిస్తూనే ఉన్నాడు. పోయిన ఏడాది ధర్మవరం పోయినప్పుడు నారాయణప్ప ఇంట్లో రెండో మగ్గం అలాగే ఉంది, దాని మీద బట్టలు ఆరేసుకుంటున్నారు. కొడుకు ఇంటికి వచ్చినప్పుడల్లా ఆయన అడిగే మొదటి ప్రశ్న, ఆ ముడి ఇంకా ఉందా అని. ఉంది. చలపతి రెండు సెట్లు మార్చాడు గానీ ఆ పెడలు మార్చలేదు. ఆ రోజు నేను నాశనం చేయబోయింది ఏమిటో తలచుకుంటే నాకు ఇప్పటికీ భయమేస్తుంది, అంతలోనే ఆ మెరూన్ ముడి గుర్తొచ్చి మనసు నిమ్మళిస్తుంది.

ఇక ఈ దారిన పోయేవాళ్లకు ఒకటే మాట. గుంతకల్లులో బండి ఎక్కేముందు బోర్డు చదవండి, వ్యానులో సామాను వేస్తే రసీదు రాయించుకోండి, మీ నాయన ఎవరైనా సరే. ఇప్పుడు నేనూ గార్డునే. రసీదు లేని సామాను నా వ్యానులో ఎక్కనివ్వను. నాకు తెలిసినవాళ్ల పిల్లలు వచ్చి వాళ్ల నాయనల పేర్లు చెబుతారు. వాళ్లను ఒక్క నిమిషం నిలబెట్టి, రెండు బండ్ల మధ్య సందు ఎక్కడుందో వేలుపెట్టి చూపిస్తాను.